శిక్ష పడింది... ఆ తర్వాత?

2023లో వచ్చిన ఓ సినిమా పుణ్యమా అని మా కోటబొమ్మాళి పోలీస్ స్టేషన్ పేరు ఊరూరా తెలిసింది గానీ, స్టేషనూ కోర్టూ మా ఊరి వాళ్ళకు కొత్త కాదు. గట్టు తగాదాలు, సారా కేసులు, చెక్కు కేసులు, అత్తింటి ఆరళ్ళ కేసులు... ఏ వీధి తీసుకున్నా ఒకటో రెండో ఉంటాయి. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళ మాటల్లో కూరల ధరలతో పాటు వాయిదాల తేదీలు కూడా దొర్లుతుంటాయి.

నేను గమనించిన ఒక విచిత్రం చెబుతాను. కేసు నడిచినన్నాళ్ళూ అందరికీ అన్నీ తెలుసు. ఏ లాయరు బాగా వాదిస్తాడు, సాక్షి ఎందుకు తిరగబడ్డాడు, అన్నీ చెబుతారు. తీర్పు వచ్చి శిక్ష పడిందంటే మాత్రం అందరి తెలివీ అక్కడే ఆగిపోతుంది. సగం మంది "అయిపోనాది, ఇంకేటి సేస్తాం" అని తల పట్టుకుంటారు. మిగతా సగం "పైకోర్టుకెల్తే కొట్టేస్తారు, ఎప్పుడైనా ఎల్లొచ్చు" అని ధైర్యం చెబుతారు. మొదటి మాట నమ్మినవాళ్ళు ఉన్న హక్కును వాడుకోరు. రెండో మాట నమ్మినవాళ్ళు ఉన్న గడువును పోగొట్టుకుంటారు.

జైలుకు వెళ్ళేది చాలావరకు మగవాళ్ళే. ఆ తర్వాత కాగితాలు పట్టుకుని తిరిగేదీ, పుస్తెలు తాకట్టు పెట్టేదీ, జైలు గేటు దగ్గర టిఫిను డబ్బాతో నిలబడేదీ భార్యలూ తల్లులే. అందుకే ఈ సంగతులు మనకే ఎక్కువ తెలియాలి. నేను లాయర్ని కాను. డిగ్రీ చదివి, పిల్లల్ని పెంచుకుంటూ, తీరిక దొరికితే కథలు రాసుకునే గృహిణిని. అయినా ఈ విషయం తెలుసుకోక తప్పని పరిస్థితి ఒకటి వచ్చింది.

అటక మీద దాచిన కాగితం

మా వీధి చివర ఉండే ఒకామె, పేరెందుకు లెండి, ఓ సాయంత్రం ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చింది. గట్టు తగాదా కొట్లాటలో ఆమె భర్తకు సెషన్స్ కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. అతను విశాఖపట్నం సెంట్రల్ జైల్లో ఉన్నాడు. "అప్పా, సదువుకున్నదానివి, ఈ కాయితమేటో సూసి పెట్టు" అంది. రేషను కార్డు, ఆధార్ కార్డుల అడుగున నలభై పేజీల ఇంగ్లీషు జడ్జిమెంటు ఉంది. శిక్ష పడిన రోజున కోర్టులో చేతికిచ్చారట. అదేమిటో తెలియక అటక మీద దాచింది.

"అప్పీలు వేశారా?" అని అడిగాను.

"లాయరుగారి గుమస్తా డబ్బు సర్దుకుని రమ్మన్నాడు. తొందరేం లేదు, ఎప్పుడేసినా ఒకటే అన్నాడు. దాన్యం అమ్మినాక ఇత్తానని సెప్పాను" అంది.

జడ్జిమెంటు చివరి పేజీలో తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. అప్పటికి యాభై రెండు రోజులయింది. సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకు వెళ్ళడానికి గడువు అరవై రోజులు. ధాన్యం అమ్మకానికి ఇంకా నెల పైనే ఉంది.

మర్నాడు మొదటి బస్సుకే ఇద్దరం శ్రీకాకుళం వెళ్ళాం. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడ దరఖాస్తు రాసిచ్చాం. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చని, దానికి లాయరు ఫీజు అక్కర్లేదని అప్పుడే మాకు తెలిసింది. ఆ వారంలోనే అతను అలా అప్పీలు పెట్టుకున్నాడు. అది ఇంకా నడుస్తోంది. గెలుస్తాడో ఓడతాడో నేను చెప్పలేను. అతను నేరం చేశాడో లేదో తేల్చాల్సింది నేను కాదు కూడా. కానీ ధాన్యం డబ్బు కోసం చూస్తూ కూర్చుని ఉంటే, తేల్చమని అడిగే హక్కే చెయ్యి జారిపోయే ప్రమాదం ఉండేది.

ఎక్కడి తీర్పుకి ఎక్కడ అప్పీలు?

ఈ గడువులు 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఉన్నాయి. అప్పీలు హక్కు సంగతి పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ అసలు సంగతి చాలావరకు అదే.

మా ఊళ్ళో ఉన్నలాంటి మేజిస్ట్రేటు కోర్టు శిక్ష వేస్తే అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. గడువు 30 రోజులు. సెషన్స్ కోర్టే విచారించి శిక్ష వేస్తే, లేదా ఏ కోర్టయినా ఏడేళ్ళకు మించి శిక్ష వేస్తే హైకోర్టుకు వెళ్ళాలి. హైకోర్టుకు వెళ్ళడానికి గడువు 60 రోజులు. ఉరిశిక్ష అయితే 30 రోజులే. అయితే ఉరిశిక్షకు ఒక రక్షణ ఉంది. ఎవరూ అప్పీలు వేయకపోయినా సెషన్స్ కోర్టు ఆ కేసును హైకోర్టుకు పంపాలి, హైకోర్టు ఖాయం చేస్తేనే ఆ శిక్ష చెల్లుతుంది. హైకోర్టు తీర్పు తర్వాత సుప్రీంకోర్టును అనుమతి కోరుతూ వేసే పిటిషన్‌కు మామూలుగా 90 రోజులు, ఉరిశిక్షలో 60 రోజులు.

ఈ రోజుల లెక్కలో తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని మినహాయిస్తారు. గడువు దాటితే అంతా పోయినట్టేనా అంటే అదీ కాదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు. జబ్బు, పేదరికం, జైల్లో ఉండి కాగితాలు అందకపోవడం లాంటివి చెప్పుకోవచ్చు. కాకపోతే గడువులోపల వేస్తే అది హక్కు. గడువు దాటాక వేస్తే కోర్టువారి దయ మీద ఆధారపడ్డట్టే. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

మనలాంటి వాళ్ళకు దూరం కూడా ఒక గడువే. పూర్వం హైకోర్టంటే హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చేది. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది. అయినా కోటబొమ్మాళి నుంచి దాదాపు 500 కిలోమీటర్లు. కూలి మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి, రాత్రంతా రైలెక్కి వెళ్ళాలి. ఇలాంటి ఇల్లాలికి అరవై రోజులు కాగితం మీద కనిపించినంత పొడుగ్గా ఉండవు.

కాపీ ఇవ్వడం దయ కాదు

శిక్ష పడ్డవాడికి తీర్పు నకలు ఉచితంగా, అదే రోజున ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఈ మాట వెనక పెద్ద కథే ఉంది. ఎం.హెచ్. హోస్కోట్ అనే ఆయన సౌరాష్ట్ర విశ్వవిద్యాలయంలో రీడరు. కర్ణాటక విశ్వవిద్యాలయం డిగ్రీలకు దొంగ నకళ్ళు తయారు చేయించబోయాడని కేసు పెట్టారు. కింది కోర్టు వేసిన నామమాత్రపు శిక్షను 1973లో బొంబాయి హైకోర్టు మూడేళ్ళ కఠిన శిక్షగా పెంచింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళేసరికి నాలుగేళ్ళు దాటిపోయాయి. శిక్ష కూడా అనుభవించేశాడు. తీర్పు కాపీ నాకు సకాలంలో అందలేదన్నది ఆయన వాదన.

1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ కేసులో తీర్పు చెబుతూ, ఆయన నేరం విషయంలో జోక్యం చేసుకోలేదు గానీ, దేశంలో ఉన్న ఖైదీలందరికీ పనికొచ్చే సంగతులు చెప్పారు. జైలుశిక్ష వేసిన కోర్టు తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. జైలుకు పంపితే జైలు అధికారి దాన్ని ఖైదీకి అందజేసి సంతకం తీసుకోవాలి. అప్పీలు వేస్తానంటే జైలువారు అన్ని సౌకర్యాలూ కల్పించాలి. లాయరును పెట్టుకునే స్తోమతు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో ఏర్పాటు చెయ్యాలి. మా వీధిలో ఆమె చేతికి వచ్చిన నలభై పేజీల కాగితం ఊరికే రాలేదన్నమాట!

న్యాయసేవల అధికారిత చట్టం 1987లో వచ్చి, 1995 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్ళకు, షెడ్యూల్డు కులాల, తెగల వాళ్ళకు ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. ఆడవాళ్ళందరికీ ఉంది, ఆదాయంతో పని లేకుండా. మొగుడికి ఉద్యోగం ఉన్నా సరే. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

అప్పీలు లేని చోట్లు

పైకి వెళ్ళే దారి అందరికీ ఒకేలా ఉండదు. చట్టమే కొన్ని చోట్ల గొళ్ళెం పెట్టింది. అవేమిటో ముందే తెలిస్తే మోసపోకుండా ఉంటాం.

మొదటిది, నేరం ఒప్పుకోవడం. సారా కేసులో పట్టుబడ్డ ఆడవాళ్ళకు ఎవరో ఒకరు చెబుతారు, "ఒప్పేసుకోండమ్మా, ఫైను కట్టుకుని ఎల్లిపోవచ్చు" అని. నిజంగా చేసినవాళ్ళు ఒప్పుకోవడం వాళ్ళిష్టం. చేయనివాళ్ళు తిరగలేక ఒప్పుకుంటేనే చిక్కు. ఒప్పుకున్నాక "నేను నేరం చేయలేదు" అని అప్పీలు వేయడానికి లేదు. శిక్ష మరీ ఎక్కువగా ఉందనో, చట్టప్రకారం చెల్లదనో మాత్రమే అడగవచ్చు. ఫైను ఆ రోజుతో పోతుంది. శిక్ష పడ్డవాళ్ళన్న పేరు పోదు.

రెండోది, చిన్న శిక్షలు. మేజిస్ట్రేటు వంద రూపాయలకు మించని జరిమానా ఒక్కటే వేస్తే అప్పీలు లేదు. సెషన్స్ కోర్టు మూడు నెలలకు మించని జైలుశిక్ష వేసినా అంతే.

మూడోది, ఒక అప్పీలు ఓడిపోయాక రెండో అప్పీలు ఉండదు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, సెషన్స్ కోర్టు దాన్ని ఖాయం చేసింది అనుకోండి. ఇక హైకోర్టులో రివిజన్ మాత్రమే వేయవచ్చు. గడువు 90 రోజులు. మా ఊళ్ళో దీన్ని కూడా "అప్పీలు" అనే అంటారు గానీ ఇది వేరు. అప్పీల్లో సాక్ష్యాలన్నీ మళ్ళీ మొదటినుంచీ తూచమని అడగవచ్చు. రివిజన్‌లో కింది కోర్టు చట్టాన్ని తప్పుగా అన్వయించిందా, దారితప్పి తీర్పు చెప్పిందా అని ప్రధానంగా చూస్తారు. ఇంకో మెలిక ఉంది. అప్పీలు హక్కు ఉండి కూడా వేయకుండా కూర్చున్నవాళ్ళు, తర్వాత రివిజన్ వేస్తామంటే మామూలుగా తీసుకోరు. "ఇది పోతే అది ఉంది కదా" అనుకోవడానికి వీల్లేదన్నమాట.

నాలుగోది, తీర్పు చెప్పిన జడ్జిగారి కాళ్ళ మీద పడడం. ఎంతమంది తల్లులు కోర్టు హాల్లో అలా ఏడుస్తారో! సంతకం పెట్టాక అక్షర దోషమో, లెక్కల పొరపాటో తప్ప ఆ తీర్పులో ఒక్క ముక్క మార్చే అధికారం ఆ జడ్జిగారికి కూడా లేదు. ఆ ఏడుపూ ఆ శ్రమా పై కోర్టు కాగితానికి పెడితే మేలు.

ఇన్ని గొళ్ళాల మధ్య తల్లులు గుర్తుంచుకోవలసిన తలుపు ఒకటి తెరిచే ఉంది. నేరం జరిగిన నాటికి కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు నిండలేదన్న మాట ఏ దశలోనైనా చెప్పుకోవచ్చు. కేసు పూర్తిగా ముగిసిపోయాక కూడా! 2015 బాలల న్యాయ చట్టంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. దానికి రుజువు బడి సర్టిఫికెట్టు. అది లేకపోతే పంచాయతీ ఇచ్చిన పుట్టిన తేదీ కాగితం. పిల్లవాడు బడి మానేశాడు కదా అని ఆ కాగితాలు పారేయకండి.

అప్పీలు వేస్తే శిక్ష ఆగుతుందా?

చాలామంది ఆగుతుందనే అనుకుంటారు. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. ఆపమని వేరే అడగాలి. మూడేళ్ళకు మించని శిక్ష పడి, అప్పటిదాకా బెయిలు మీద ఉన్నవాళ్ళయితే, అప్పీలు వేసుకునేందుకు వ్యవధి ఇస్తూ శిక్ష వేసిన కోర్టే మామూలుగా బెయిలిస్తుంది. ఆ రోజే, ఆ కోర్టులోనే అడగాలి. అంతకు మించిన శిక్షయితే అప్పీలు కోర్టులో అడగాలి. పదేళ్ళు, యావజ్జీవం లాంటి పెద్ద శిక్షల్లో ప్రభుత్వ లాయరుకు అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే ఏ సంగతీ తేలుస్తారు.

చెక్కు కేసుల సంగతి విడిగా చెప్పాలి. ఎందుకంటే వీటిలో ఆడవాళ్ళు నేరుగా ముద్దాయిలవుతున్నారు. మొగుడు చేసిన అప్పుకు పెళ్ళాం పేర ఉన్న చెక్కు పుస్తకం మీద సంతకం పెట్టించుకుంటారు. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే కేసు ఆవిడ మీద! 2018లో చట్టాన్ని సవరించాక, అలాంటి కేసులో శిక్ష పడి అప్పీలు వేస్తే, జరిమానాలో గానీ నష్టపరిహారంలో గానీ కనీసం 20 శాతం ముందు కట్టమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. అయిదు లక్షలయితే లక్ష రూపాయలన్నమాట. సంతకం పెట్టే ముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

"అప్పీలు వేస్తే శిక్ష ఇంకా పెంచేస్తారట" అని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. ముద్దాయి వేసుకున్న అప్పీల్లో శిక్ష పెంచడానికి లేదు. పెంచమని ప్రభుత్వం విడిగా అప్పీలు వేయవచ్చు. అప్పుడు కూడా ముద్దాయి మాట వినకుండా పెంచరు.

ఇక, అప్పీలు నడుస్తుండగానే మనిషి చనిపోతే? జైలుశిక్ష పడ్డవాడు పోతే అప్పీలు కూడా అతనితోనే ముగిసిపోతుంది. కాని భార్య, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు ముప్ఫై రోజుల్లోపల కోర్టు అనుమతి అడిగి దాన్ని కొనసాగించవచ్చు. పోయిన మనిషికి ఒరిగేదేముంది అనిపించవచ్చు. "హంతకుడి కూతురు" అన్న మాట పడుతూ పెరిగే పిల్లనడిగితే తెలుస్తుంది ఏముందో.

నష్టపోయింది మన పిల్లయితే...

ఇంతసేపూ శిక్ష పడ్డవాడి ఇంటివైపు నుంచి మాట్లాడాను. అవతలి గుమ్మంలో కూడా ఒక తల్లి ఉంటుంది కదా. కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లికి శిక్ష చాలా తక్కువనిపిస్తే?

2009 చివరి నుంచి బాధితులకు కూడా అప్పీలు హక్కు వచ్చింది. ముద్దాయిని వదిలేసినా, అసలు నేరం కాకుండా చిన్న నేరం కింద శిక్ష వేసినా, నష్టపరిహారం తక్కువ ఇచ్చినా వాళ్ళు అప్పీలు వేయవచ్చు. శిక్ష తక్కువైందని వేయడానికి మాత్రం వాళ్ళకు హక్కు లేదు, అది ప్రభుత్వమే వేయాలి. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి శిక్ష చాల్లేదనుకున్న తల్లి ప్రభుత్వ లాయరుకు, జిల్లా కలెక్టరుకు వెంటనే అర్జీ పెట్టుకోవాలి. అటువైపు కూడా గడువు ఆగదు.

ఉరి గుమ్మం దాకా వెళ్ళిన కేసు

కోర్టు మెట్లన్నీ అయిపోయాక ఏముంటుంది? దీనికి మన రాష్ట్రంలోనే ఒక కేసు ఉంది. నా ఈడువాళ్ళకు చిన్నప్పుడు పెద్దవాళ్ళు పేపర్లో చదివి చెప్పుకోవడం గుర్తుండే ఉంటుంది.

1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వెళ్తున్న బస్సులో దోపిడీ చేద్దామని ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఆ ఇద్దరికీ 1995లో గుంటూరు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయం చేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. అప్పటి రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. 1997 మార్చి నెలాఖరులో రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉరికి తేదీ కూడా పెట్టారు.

పౌరహక్కుల సంఘాలవాళ్ళు, బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి లాంటివాళ్ళు పూనుకుని రాష్ట్రపతికి మళ్ళీ అర్జీ పెట్టారు. ఉరికి ఇంక గంటలే ఉన్నాయనగా సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

ఈ కేసు గురించి ఎప్పుడు తలుచుకున్నా నా మనసు రెండుగా చీలుతుంది. ఆ బస్సులో కాలిపోయిన 23 మందికీ ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళల్లో తల్లులున్నారు. వాళ్ళ ముందు నిలబడి "పోనీలే" అనే అర్హత నాకు లేదు. అయినా, ఆ అర్ధరాత్రి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని పరిగెత్తారు గనక తెల్లవారి ఆ ఇద్దరూ బతికున్నారు. ఒకసారి ఉరితీశాక పొరపాటు తెలిసినా దిద్దుకునే కోర్టు ఎక్కడా లేదు. అందుకే చట్టం చివరి నిమిషం దాకా ఒక సందు ఉంచింది.

సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మొదట రివ్యూ పిటిషన్, గడువు 30 రోజులు. ఉరిశిక్ష కేసుల్లో రివ్యూను ముగ్గురు జడ్జీలు బహిరంగ కోర్టులో వినాలని 2014లో చెప్పారు. ఆ తర్వాత క్యూరేటివ్ పిటిషన్. ఇది 2002లో పుట్టింది. తమాషా ఏమిటంటే అది పుట్టింది ఏ హత్య కేసులోనో కాదు, రూపా అశోక్ హుర్రా అనే ఆమె విడాకుల తగాదాలో! ఒక ఇల్లాలి కేసులో తెరుచుకున్న తలుపు తర్వాత ఉరిశిక్ష పడ్డవాళ్ళకు కూడా చివరి ఆశ అయింది. అది చాలా ఇరుకైన తలుపు. అవతలివాళ్ళ మాట వినకుండానే తీర్పు ఇవ్వడం, జడ్జి మీద పక్షపాతం అనుమానం లాంటి గట్టి కారణాలుంటే తప్ప తెరుచుకోదు.

కోర్టులన్నీ అయ్యాక మిగిలేది రాష్ట్రపతి లేదా గవర్నరు క్షమాభిక్ష. కొత్త చట్టం దీనికీ గడువు పెట్టింది. ఉరిశిక్ష ఖాయమైందని జైలు సూపరింటెండెంటు తెలియజేసిన రోజు నుంచి 30 రోజుల్లోపల అర్జీ పెట్టాలి. ఖైదీయే కాదు, అతని బంధువులు కూడా పెట్టవచ్చు. అర్జీని ఏళ్ళ తరబడి అకారణంగా తేల్చకుండా ఉంచితే ఉరిని యావజ్జీవంగా మార్చడానికి అది కూడా కారణమే అని సుప్రీంకోర్టు 2014 జనవరిలో చెప్పింది.

క్షమాభిక్ష అంటే పలుకుబడి ఉన్నవాళ్ళ సొత్తు అనుకోకూడదు. మన రాష్ట్రంలోనే పదేళ్ళ శిక్ష పడ్డ ఒక రాజకీయ కుటుంబపు వ్యక్తికి మిగిలిన శిక్షను గవర్నరు రద్దుచేస్తే, 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కులం, మతం, పార్టీ చూసి క్షమించడానికి వీల్లేదంది.

మరచిపోకూడనివి

శిక్ష పడిన రోజే తీర్పు నకలు అడిగి తీసుకోండి. దాని మీది తేదీని ఇంట్లో క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాయండి.

మేజిస్ట్రేటు శిక్షకు 30 రోజులు, సెషన్స్ కోర్టు శిక్షకు 60 రోజులు. ఈ రెండు అంకెలూ గుర్తుంటే చాలు, మిగతావి లాయరు చెబుతారు.

మూడేళ్ళలోపు శిక్షయితే బెయిలు సంగతి అక్కడే, అప్పుడే అడగండి.

డబ్బు లేదని ఆగకండి. కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. జైల్లో ఉన్న మనిషి జైలు ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు.

లాయరుకు వకాల్తా ఇచ్చాక అప్పీలు దాఖలైందో లేదో నంబరు అడిగి రాసుకోండి. "వేసేశాం లెండి" అన్న మాటకు నంబరు లేకపోతే విలువ లేదు.

మా ఊళ్ళో కష్టం వస్తే కొత్తమ్మ తల్లికి ముడుపు కట్టుకుంటారు. కట్టుకోండి, నేనూ కడతాను. ఆ ముడుపు కట్టిన చేత్తోనే ఆ ఎర్ర సిరా తేదీ కూడా చూసుకోండి. మీ వీధిలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి కాగితం అటక మీద పడి ఉందేమో, ఈ వారమే ఒక్కసారి అడగండి.